వారం రోజుల చదువు

పోయిన ఆదివారం పాత స్నేహితుడొకాయన మా యింటికి వచ్చి, "ఈమధ్య ఏం చదువుతున్నారు?" అని అడిగాడు. "ఏమీ చదవటం లేదండీ" అన్నాను. నిజమేననుకొనే అన్నాను. కాఫీ తెస్తున్న మా ఆవిడ ఫక్కున నవ్వి, "పొద్దున లేచింది మొదలు ముక్కుమీది జోడు దించరు గదా! మరి ఆ చదివేదంతా ఏమిటో?" అన్నది.

ఆ సంగతేదో తేల్చుకుందామని నోటుపుస్తకం తీసి, వారం రోజులపాటు నేను చదివినదంతా రాసుకొన్నాను. కావ్యాలు లేవు, నవలలు లేవు. ఉన్నవి చిత్తగించండి.

సోమవారం కరెంటు బిల్లు. అంకె చూసి గుండె గుభేలుమన్నది. దోషి ఎవరా అని యింట్లో సామాన్ల వొంటిమీద రాతలన్నీ చదివాను. స్నానాలగదిలో గీజరుమీద 2000 వాట్లని వున్నది. అంటే అరగంటకు ఒక యూనిటు! పది వాట్ల దీపం నూరు గంటలు వెలిగితే గాని అంత కాదు. ఆ దీపం ఆర్పలేదని నేను పిల్లలను కేకలు వేస్తూ వుంటాను.

మంగళవారం గ్యాసు సిలిండరు. మెడ దగ్గర పట్టీమీద 'డి-28' అని వున్నది. ఎ అంటే జనవరి మొదలు మార్చి, బి అంటే జూను వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు. 2028 డిసెంబరు దాటితే మళ్ళీ పరీక్ష చేయించనిదే దాన్ని వాడగూడదన్నమాట. ఇన్నేళ్ళుగా వంటింట్లో కూచున్న యీ గ్రంథాన్ని ఒక్కనాడూ విప్పి చూడలేదు.

బుధవారం మాత్రల అట్ట. గడువు తేదీ చూద్దామంటే, ఆ తేదీ వున్న కొసనే ముందు కత్తిరించి పారేశాను. ఇకమీదట ఆ కొసను ఆఖరికి మిగుల్చుకోవాలని రాసుకొన్నాను.

గురువారం ఒకే ఒక కాగితం. ఆకుకూరలు తెచ్చే ఆవిడ గంప దించి, కొంగుముడి విప్పి, "బాబుగారూ, కాస్త యిది చదివి పెట్టండి. ఏలిముద్ర ఎయ్యాల" అన్నది. కూతురి కాన్పుకు ఇరవై వేలు అప్పు. ప్రోనోటు. "వడ్డీ ఎంతన్నాడమ్మా?" అన్నాను. "నూటికి రెండు రూపాయలు."

అంకెలు ఆమెకు తెలుసు. రూపాయల లెక్కలో నన్ను మించుతుంది. కాని అక్కడ అంకె లేదు. నెలకు నూటికి మూడు రూపాయల చొప్పున అని అక్షరాల్లో వున్నది. ఒక్క క్షణం నోరు పెగల్లేదు. మనకెందుకులే అని కూడా తోచింది, దాచుకోవటమెందుకు? తరువాత వున్నది వున్నట్టు చదివాను.

ఆమె వేళ్ళమీద లెక్క కట్టింది. "నెలకు రెండొందలు తేడా. ఏడాదికి రెండేల నాలుగొందలు" అని, కాగితం మడిచి, గంప నెత్తికెత్తుకొని వెళ్ళిపోయింది. రెండు రూపాయలయినా తక్కువేమీ కాదు. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. కాని అది ఆమె తెలిసి వొప్పుకొన్న మాట.

చీకటి పడ్డాక కొత్త కాగితంతో వచ్చింది. నాచేత రెండుసార్లు చదివించుకొని, "ఆ రెండు అన్న మాట ఏదో చూపించండి" అన్నది. చూపించాను. దానిమీద వేలు పెట్టి చాలాసేపు వూరుకున్నది.

శుక్రవారం యింటిపన్ను రసీదు. అందులో గ్రంథాలయ సుంకం అని ఒక పద్దు. 1960 నాటి చట్టం ప్రకారం పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు వూరూరా తిరిగి రాజేసిన వుద్యమానికి అది ఫలం. ఏటా ఆ పైసలు కడుతూనే వున్నాను. మా వూరి గ్రంథాలయం గడప తొక్కి మాత్రం పన్నెండేళ్ళయింది.

శనివారం వెళ్ళాను. బల్లల దగ్గర పోటీపరీక్షల పిల్లలు, పేపర్ల దగ్గర నావంటి ముసలివాళ్ళు. మళ్ళీ సభ్యత్వం కట్టి, ఒక పుస్తకం తెచ్చుకొన్నాను.

ఆదివారం మళ్ళీ మా స్నేహితుడు వచ్చాడు. "ఏం చదువుతున్నారు?" అన్నాడు యథాప్రకారం.

"పెద్ద బాలశిక్ష" అన్నాను.

పరిహాసమాడుతున్నా ననుకొని ఆయన నవ్వాడు. ఆ వేళకే వీధి గుమ్మం దగ్గర గంప దించిన చప్పుడయింది. జోడు తుడుచుకొని, పుస్తకం పట్టుకొని లేచాను.