పైలు పునాదుల కుంగుబాటు

మెత్తని నేలపై కట్టిన భవనపు బరువును పైళ్ళ ద్వారా లోతుకు చేర్చిన తరువాత కూడా ఆ భవనం కాలక్రమంలో క్రిందికి దిగడాన్ని పైలు పునాదుల కుంగుబాటు అంటారు. పైళ్ళు వేస్తే భవనం కుంగదన్న అభిప్రాయం సరికాదు. పైళ్ళు కుంగుబాటును తగ్గిస్తాయి, కాని పూర్తిగా తొలగించవు.

బరువు మోసే విధానం

పైలు కొన గట్టి ఇసుకపై గాని, రాతిపై గాని ఆనితే అది కొన ఆధారపు పైలు. గట్టి పొర అందనప్పుడు చుట్టూ ఉన్న మట్టి పట్టే ఆధారం; ఇది ఘర్షణ పైలు. ఒంటరి పైలుపై కొద్ది రోజులు బరువుంచి పరీక్షిస్తే అది కొన్ని మిల్లీమీటర్లే దిగవచ్చు. వందలాది పైళ్ళు దగ్గరగా ఉన్నపుడు మాత్రం వాటి ఉమ్మడి భారం ఇంకా లోతున ఉన్న బంకమట్టిని నొక్కుతుంది. ఆ మట్టిలోని నీరు అతి నెమ్మదిగా బయటకు పోతుంది కనుక కుంగుబాటు ఏళ్ళ తరబడి సాగుతుంది. పరీక్షలో కనబడనిది ఇదే. అందుచేత ఘర్షణ పైళ్ళ సమూహపు భారమంతా పైలు పొడవులో మూడింట రెండు వంతుల లోతున పడుతున్నట్లు భావించి లెక్క కడతారు.

నేలే కుంగినపుడు

చుట్టూ ఉన్న మట్టి పైలు కంటే వేగంగా దిగితే, అది పైలును మోయడానికి బదులు క్రిందికి లాగుతుంది. దీనిని ప్రతికూల ఘర్షణ అంటారు. మెక్సికో నగరం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పూర్వపు సరస్సు అడుగున ఉన్న బంకమట్టిపై వెలసిన ఈ నగరంలో భూగర్భ జలాలను తోడడం వలననే నేల కుంగుతున్నదని నబోర్ కర్రీయో 1940లలో వివరించాడు. 20వ శతాబ్దంలో పాత నగరంలో కొన్నిచోట్ల నేల 7 మీటర్లకు పైగా దిగింది. అక్కడ 1910లో పైళ్ళపై నిలిపిన స్వాతంత్ర్య స్తంభం అలాగే ఉండగా చుట్టూ వీధి దిగిపోవడంతో, తరువాత 14 మెట్లు చేర్చవలసి వచ్చింది.

భవనం వీధితో పాటే దిగేందుకు మాన్యుయెల్ గొన్సాలెస్ ఫ్లోరెస్ నియంత్రణ పైళ్ళను రూపొందించాడు. ఇందులో పైలు పునాది పలకలోని రంధ్రం గుండా పైకి వస్తుంది. దాని తలపై చిన్న చెక్క దిమ్మెలు, వాటిపై పునాదికి బిగించిన ఉక్కు దూలం ఉంటాయి. భారం హద్దు మీరితే దిమ్మెలు నలిగి భవనం కొంచెం దిగుతుంది. నలిగిన దిమ్మెలను మార్చకపోతే భవనం ఒకవైపు ఒరుగుతుంది, కాబట్టి ఈ పునాదికి నిత్య సంరక్షణ అవసరం. ఘర్షణ పైళ్ళకు ప్రమాదం మరో రూపంలో వచ్చింది: 1985 భూకంపంలో ఇటువంటి ఒక బహుళ అంతస్తుల భవనం పైళ్ళతో సహా పెకలి పడిపోయింది.

శాన్ ఫ్రాన్సిస్కో

2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ పైళ్ళు ఇసుక పొరలోనే ఆగాయి, రాతిని చేరలేదు. ఆ పొర క్రింద బంకమట్టి ఉన్నది. భవనం సుమారు 40 సెంటీమీటర్లు కుంగి, ఒరిగిందని 2016లో వెల్లడైంది. పొరుగు నిర్మాణాల కోసం నీరు తోడడమే కారణమని ఒక వర్గం వాదించింది. రాతి వరకు 52 కొత్త పైళ్ళు వేయాలని తలపెట్టగా, పని సాగుతుండగానే వంపు పెరగడంతో 2021లో ఆపివేశారు. చివరకు 18 పైళ్ళతో 2023లో పని ముగిసింది.