మెడ భద్రం... టీవీ భద్రం!

జపాన్‌లోని ఒసాకా నగరం. కూల్చివేతకు సిద్ధమైన ఓ పాత భవనం. కింద నూడుల్స్ హోటల్, మేడమీద ఓ టీవీ. దాన్ని కిందికి దించాలి. టీవీయే కదా, ఇద్దరు మనుషులు చాలరా అనుకుంటే పొరపాటే. దాని బరువు దాదాపు 200 కిలోలు!

1989 నాటి సోనీ ట్రినిట్రాన్ అది. తెర 43 అంగుళాలు. పిక్చర్ ట్యూబ్ టీవీల్లో అంతకన్నా పెద్దది మార్కెట్లోకి రాలేదంటారు. అప్పట్లో అమెరికాలో దాని ధర 40 వేల డాలర్లు. ఒక్కటైనా మిగిలి ఉందా అని పాత టీవీల అభిమానులు ఏళ్లతరబడి వెతికారు. చివరికి ఒసాకాలో దొరికినదాన్ని ఓ అమెరికా అభిమాని సముద్రాలు దాటించి తెప్పించుకున్నాడు. 2024 డిసెంబరులో వచ్చిన వీడియోతో ఆ సంగతి లోకానికి తెలిసింది.

బరువు ఒక్కటే అయితే పదిమంది కలిసి ఓ పట్టు పట్టొచ్చు. అసలు భయం వేరే ఉంది. పిక్చర్ ట్యూబు లోపల గాలి ఉండదు. బయటి గాలి మాత్రం చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున దాన్ని నొక్కుతూనే ఉంటుంది. ఒకప్పుడు మన ఇళ్లలో ఉన్న 21 అంగుళాల టీవీ తెర, టన్నుకు పైగా ఒత్తిడిని ఓర్చుకుంటూ మనకు సీరియళ్లు చూపించిందన్నమాట! ముందువైపు గాజు మందంగా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. చిక్కంతా వెనక కొసన ఉండే సన్నటి గొట్టంతోనే. దాన్ని మెడ అంటారు. లావు రెండు మూడు సెంటీమీటర్లే, పైగా పల్చటి గాజు. దారిలో లారీ ఓ గుంతలో పడి అది చిట్లిందా, ట్యూబు పేలక్కర్లేదు, గాలి లోపలికి వెళితే చాలు, టీవీ ప్రాణం పోయినట్టే. లోపల వెండిలా మెరిసే పూత తెల్లగా పాలిపోతుంది. పార్శిల్ విప్పగానే అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది దాన్నే.

అందుకే పాత సెట్టును ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టకూడదు. బరువంతా తెర వైపే కాబట్టి నిలువుగా ఉంచాలి, లేదంటే మందపాటి ఫోమ్ మీద బోర్లించాలి. (అటకమీద అలనాటి ఈసీ టీవీ దాచుకున్నవాళ్లు ఇల్లు మారేటప్పుడు ఇది గుర్తుంచుకోవచ్చు.) అట్టపెట్టెలో థర్మకోల్ ముక్కలు పోసి మూసేయడం మరో పొరపాటు. కుదుపులకు ముక్కలు పక్కకు తప్పుకొంటాయి. సెట్టు మెల్లగా దిగిపోయి అడుగుకు తగులుతుంది. గట్టి ఫోమ్ పలకలు, పెట్టెలో పెట్టె, ఆపైన చెక్కపెట్టె... ఖర్చయినా అదే దారి.

మరీ పాతవాటికి ఇదీ సరిపోదు. 1946లో ఆర్‌సీఏ తెచ్చిన 630 మోడల్‌లో 10 అంగుళాల ట్యూబుతోపాటు చిన్నాపెద్దా వాల్వులు ముప్పై దాకా ఉంటాయి. ఇలాంటి సెట్లలో అవి ఊడి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా తీసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి, విడిగా కట్టడం మేలు. వీలుంటే పిక్చర్ ట్యూబునూ అంతే. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మాత్రం దాని జోలికి పోకూడదు.

ఒసాకా టీవీ మెడ విరగకుండానే అమెరికా చేరింది. రంగులు సర్దడానికి చాలానే తిప్పలు పడ్డారు గానీ, బొమ్మ వచ్చింది!