చిన్న వ్యాపారం నెట్‌వర్క్‌కి ఏ రౌటింగ్ పెట్టాలి?

ఒక ఎరువుల షాపు అనుకుందాం. మెయిన్ ఆఫీస్ నిజామాబాద్‌లో, బ్రాంచీలు ఎడపల్లిలో, బోధన్‌లో. ఒక్కో బ్రాంచీకి ఒకటే లైన్ ఉంటే స్టాటిక్ రూట్ చాలు. ఆ లైన్ తెగితే ఏ ప్రోటోకాలూ కాపాడలేదు కదా!

అదే ఎడపల్లి, బోధన్ మధ్య కూడా లైన్ ఉందనుకోండి. నిజామాబాద్ లైన్ తెగితే ఎడపల్లి డేటా బోధన్ మీదుగా పోవచ్చు. కానీ రౌటర్ మీద లైట్ వెలుగుతూనే ఉండి, మధ్యలో ఎక్కడో తెగితే స్టాటిక్ రూట్‌కి తెలియదు. బిల్లింగ్ ఆగుతుంది, రైతులు లైన్లో నిలబడే ఉంటారు. అప్పుడు రిప్ అయితే పాత దారిని వదలడానికి మామూలుగా 180 సెకన్లు తీసుకుంటుంది. ఓఎస్‌పీఎఫ్ 10 సెకన్లకోసారి హలో పంపుతుంది. అవతలి నుంచి 40 సెకన్లు హలో రాకపోతే దారి మార్చేస్తుంది.

సో, ముందు కాగితం మీద మీ లైన్లు గీయండి. దారి ఒకటే ఉంటే స్టాటిక్, రెండుంటే ఓఎస్‌పీఎఫ్.