ఊడిన బోల్టు స్థానంలో ఏ బోల్టు వేయాలి?



దమ్ము పనులు ముగిశాక ట్రాక్టరు కడిగి పాకలో పెట్టేటప్పుడు ఒకసారి వెనక్కు వంగి చూడండి. పి.టి.ఓ. షాఫ్టు మీది రేకు కవచానికి నాలుగు బోల్టులు వుండవలసిన చోట చాలా బండ్లకు రెండే వుంటాయి. మూడోదాని చోట కట్టుతీగ, నాలుగో చోట వట్టి బెజ్జం. కొన్నాళ్ళకు ఆ తీగ కాస్తా తెగుతుంది. రేకు గడగడలాడుతుంది. డ్రైవరు విసుక్కుని కవచమంతా విప్పి పాక మూల పారేస్తాడు. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె చెంగో, తువ్వాలు అంచో చిక్కిందంటే "ఆపవయ్యా" అని కేకవేసే లోపలే మనిషిని లాగేస్తుంది. ఇదంతా రెండు బోల్టులు సరిగా చూసి కొనకపోవడంతో మొదలయ్యే వ్యవహారం గనుక, ఈనాడు ఆ బోల్టుల సంగతే చెప్పుకుందాం.

కొట్టుకు వెళ్ళి "పదిహేడు నంబరు పానా పట్టే బోల్టివ్వు" అని అడగడం మనవాళ్ళకు అలవాటు. పానా నంబరు తలకాయ వెడల్పును చెబుతుందే గాని బోల్టు లావును చెప్పదు. అలా కాక, ఊడిపోగా మిగిలినవాటిలో ఒకదాన్ని విప్పి, దాని నట్టుతో సహా జేబులో వేసుకుని వెళ్ళండి. కొత్తదాన్ని దాని పక్కన పెట్టి లావు, మర, పొడుగు, తలమీది అంకె, ఈ నాలుగూ పోల్చాలి.

ఎక్కువమంది మోసపోయేది మర దగ్గర. మిల్లీమీటర్ల బోల్టులున్నాయి, అంగుళాల బోల్టులున్నాయి. పాత విదేశీ నమూనాల ట్రాక్టర్లలో అంగుళాలవి ఇప్పటికీ కనిపిస్తాయి. మూడు బై ఎనిమిది అంగుళాల బోల్టు లావు 9.5 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా ఆనదు. ఒకదాని నట్టు రెండోదానికి ఎక్కించబోతే రెండు మూడు చుట్లు వెళ్ళి పట్టేస్తుంది, లేదా వదులుగా కూర్చుంటుంది. "తుప్పు పట్టిందిలే" అని పానా వేసి బిగించామా, మర కాస్తా చెడుతుంది. పోనీ రెండూ మిల్లీమీటర్లవే అయినా, పది మిల్లీమీటర్ల బోల్టులో మామూలు మర ఎడం 1.5 మిల్లీమీటర్లు, సన్నమర ఎడం 1.25. అదీ ఇదీ కలవవు. గుర్తుపట్టడం తేలిక. రెండు బోల్టుల మరలను ఒకదానికొకటి ఆనించి వెలుతురు వైపు పట్టి చూడండి. మధ్యలో సందు కనిపించకపోతే మర ఒకటే. ఆ తర్వాత నట్టు వేళ్ళతోనే చివరిదాకా తిరగాలి. వేళ్ళకు లొంగని కొత్త నట్టును కొట్టులోనే వదిలేసి రండి.

ఇక తలమీది అంకె. 4.6, 8.8, 10.9 అని పోతపోసినట్టు వుంటుంది. 8.8లో మొదటి ఎనిమిదికి అర్థం, చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడుకు గాని తెగదని. రెండో ఎనిమిదికి అర్థం, అందులో నూటికి ఎనభై పాళ్ళ బరువు దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. లెక్క వేస్తే, పది మిల్లీమీటర్ల 4.6 బోల్టు 1,400 కిలోల దగ్గర సాగితే, అదే లావు 8.8 బోల్టు 3,800 కిలోల దాకా ఓరుస్తుంది. చూపుకు రెండూ ఒకటే! అంగుళాల బోల్టుకు అంకె బదులు గీతలుంటాయి. మూడు గీతలది దాదాపు 8.8కు సమానం, ఆరు గీతలది 10.9కు దగ్గర. ఏ గుర్తూ లేనిదాన్ని మెత్తనిదనే అనుకోవాలి. రేకు కవచాలకు అది చాలు. రోటవేటరు కత్తులకు పనికిరాదు.

అయితే గట్టిదే మంచిదా అంటే, కాదు. కొన్ని యంత్రాల్లో షాఫ్టు దగ్గర ఒక బోల్టును తెగడానికే పెడతారు. దాన్ని షియర్ బోల్టు అంటారు. కత్తికి రాయో, వేరు మొద్దో తగిలితే అది తెగి గేరుపెట్టెను కాపాడుతుంది. "మాటిమాటికీ తెగుతున్నది" అని విసుగెత్తి అక్కడ 10.9 వేసేవారున్నారు. అప్పుడు బోల్టు నిలుస్తుంది, గేరు పళ్ళు పోతాయి. కంపెనీ పుస్తకంలో ఏ అంకె వుందో అదే కొని, అయిదారు పెట్టెలో వుంచుకోండి. మాటిమాటికీ తెగడానికి కారణం పొలంలోనో, కత్తుల్లోనో వెతకాలి.

పొడుగు విషయం. నట్టు దాటి రెండు మరలు బయటికి వస్తే చాలు. అంతకంటె పొడుగైతే గడ్డి చుట్టుకుంటుంది. నట్టు లేకుండా ఇంజను పోతలోకే బిగించే బోల్టులతో మరింత జాగ్రత్త అవసరం. పొడుగైనది వేస్తే బెజ్జం అడుగుకు తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్టే వుంటుంది గాని రేకు మాత్రం ఆడుతూనే వుంటుంది. ఇంకా బిగిస్తే పోత పగలవచ్చు. మరీ పొట్టిదైతే మర పీక్కుని వస్తుంది. ఉక్కులో బోల్టు లావంత, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు లోపలికి దిగాలి.

రేకుకు వేసేటప్పుడు వెడల్పు వాషరు తప్పదు. లేకపోతే అదురుకు బెజ్జం చిరిగి తల లోపలికి జారుతుంది. అదురుకు వదులు కాకుండా నైలాను నట్టు బాగా పనిచేస్తుంది, కాని ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది గనుక కొత్తది వేయాలి. సైలెన్సరు దగ్గర వేడికి నైలాను మెత్తబడుతుంది. అక్కడ పూర్తి ఇనుప లాకు నట్టే వేయండి.

కూరగాయలు మార్కెట్టుకు తోలే వ్యానులకు, కార్లకు కూడా ఇంజను కింద ప్లాస్టిక్ పళ్ళెం వుంటుంది, బురద పైకి చిమ్మకుండా. దాని క్లిప్పు ఊడితే పళ్ళెం వేలాడుతుంది. మన రోడ్ల మీద గడ్డి, కంది కట్టె పరిచే రోజుల్లో ఆ వేలాడే అంచే వాటిని ఈడ్చుకుని లోపలికి దూర్చుతుంది, పొగగొట్టం వేడికి అంటుకోవచ్చు. అదే బెజ్జం కొలతకు సరిపడే క్లిప్పు తెచ్చుకోండి. పెద్ద మరమేకు దిగగొట్టి బెజ్జం పాడుచేస్తే తర్వాత ఏ క్లిప్పూ నిలవదు.

బిగింపు మాట కూడా చెప్పాలి. పది మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు పాతిక సెంటీమీటర్ల పానా చివర ఇరవై కిలోల బలం సరిపోతుంది. మెత్తని బోల్టుకు అందులో సగం కూడా అక్కరలేదు. పానాకు గొట్టం తొడిగి లాగకండి. పనికి దిగే ముందు ఇంజను ఆపి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. రోటవేటరు కత్తులకు కొత్త బోల్టులు వేసినప్పుడు మొదటి గంట దున్నిన తర్వాత ఆపి, ఒక్కొక్కటే మళ్ళీ పట్టి చూడాలి.