కుక్కలలో అధివృక్క గ్రంథుల లోపము

నాలుగేండ్ల పెంపుడు కుక్క ఒక వారము తిండి మానును. మరుసటి వారము చక్కగా ఆడుకొనును. మరల వాంతి, విరేచనము, వణకు. ఏదో తినరానిది తిన్నదని ఇంటివారు సరిపెట్టుకొందురు. మధ్య మధ్య బాగుగా నున్న దినములు వచ్చుటయే ఈ వ్యాధిలోని మోసము.

మూత్రపిండముల చెంత రెండు అధివృక్క గ్రంథులు కలవు. వాని పైపొర స్రవించు హార్మోనులలో కార్టిసాల్ ఆపదను తట్టుకొను శక్తి నిచ్చును. ఆల్డోస్టెరాన్ దేహములో ఉప్పును నిలిపి, పొటాసియమును మూత్రముతో వెడలించును. ఈ పొర నశించినచో, సాధారణముగా దేహపు రక్షణశక్తియే పొరబడి దానిని నశింపజేయును, రెండును కరవగును. 1855లో మనుష్యులయందు దీనిని వర్ణించిన థామస్ ఆడిసన్ పేరనే నేటికిని ఈ వ్యాధిని పిలుచుచున్నారు. పిల్లులలో బహు అరుదు.

ప్రయాణమో, శస్త్రచికిత్సయో, బాణసంచా చప్పుడో తోడైననాడు కుక్క కూలబడును. ఉప్పుతోపాటు నీరును పోయి రక్తపుపోటు పడిపోవును. అట్టి తరుణమున గుండె వేగముగా కొట్టుకొనవలెను గదా! ఇచట తరచు నెమ్మదించును. పేరుకొనిన పొటాసియము దాని లయను మందగింపజేయుటయే కారణము. అనుభవముగల పశువైద్యుడు ఈ విపరీతమును చూచియే శంకించును.

రక్తములో యూరియా హెచ్చుగా కనబడుటచేత మూత్రపిండములు చెడినవని భ్రమించుట కలదు. ఆ భ్రమలో ఆశ వదలుకొనబడిన కుక్క నిజమునకు బ్రదుకదగినది! సోడియము పొటాసియమునకు 27 రెట్లకంటె తగ్గినచో అనుమానము బలపడును. అయితే పెద్దప్రేగులోని ఒకజాతి పురుగులవలనను అట్లే తగ్గవచ్చును. కావున ఎ.సి.టి.హెచ్. సూది యిచ్చి, గంట తరువాత కార్టిసాల్ కొలిచి నిర్ణయింతురు.

ఆలోగా చికిత్స ఆగరాదు. నరములోనికి సెలైన్ ఎక్కింతురు. గుండెను కాపాడుటకు కాల్షియం గ్లూకోనేట్‌ను మెల్లగా ఇత్తురు. స్టెరాయిడ్లలో డెక్సామెథసోన్ మేలు. ప్రెడ్నిసొలోన్ వలె అది కొలతలో కార్టిసాల్‌గా కనబడి మోసగింపదు. గంటలలోనే లేచి నిలచిన కుక్కలు కలవు. పిమ్మట జీవితాంతము కొద్దిపాటి ప్రెడ్నిసొలోన్, దానితో ఫ్లూడ్రోకార్టిసోన్ బిళ్ళలు గాని ఇంచుమించు నెలకొక సూది గాని కావలెను. ప్రయాణ దినములలో వైద్యుని యడిగి ప్రెడ్నిసొలోన్ మోతాదు పెంచవలెను.

ఇంటివారి చేతిలోనున్న సంగతి మరియొకటి. దురదకై స్టెరాయిడ్ బిళ్ళలను వారముల తరబడి వేసి, తగ్గినదిగదా యని ఒక్కసారిగా ఆపినచో, వాంతులతో, నీరసముతో కుక్క పడిపోవచ్చును. అప్పుడు గ్రంథులు నశింపలేదు, నిద్రించుచున్నవి. మోతాదును క్రమముగా తగ్గించుచు వచ్చినచో మేల్కొనును.