అమెరికాలో కార్మిక సంఘ సభ్యత్వము - దాని వలన కలిగే మేలు

మన పాఠకులలో అనేకుల పిల్లలు, మనుమలు ఇప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నారు. ముఖ్యముగా 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత బయలుదేరిన కుటుంబములు కొన్ని కాలిఫోర్నియాలోని శాక్రమెంటో, మొడెస్టో, హేవర్డ్ ప్రాంతములలో స్థిరపడినవి. వృద్ధుల ఇళ్లలో ఉండి సేవ చేసేవారు, బస్సులు నడిపేవారు, హోటళ్లలో గదులు శుభ్రపరచేవారు, ఆసుపత్రులలోను గిడ్డంగులలోను పనిచేసేవారు వారిలో ఉన్నారు. ఈ పనులలో చాలాచోట్ల కార్మిక సంఘములున్నవి. జీతము చీటీలో సంఘము చందా అని కొంత సొమ్ము కోతపడుతుంది. "ఈ చందా కట్టి మాకు ఒరిగేదేమిటి?" అని పిల్లలు అడిగితే పెద్దలకు జవాబు తోచదు. ఆ జవాబును మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట కంటికి కనిపించేది తగ్గింపు ధరలు. అమెరికా సంఘముల మహాసమాఖ్య అయిన ఏ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ. 1986లో యూనియన్ ప్రివిలెజ్ అనే సంస్థను నెలకొల్పింది. అది నడిపే కార్యక్రమమునకు యూనియన్ ప్లస్ అని పేరు. దీని సూత్రము మనకు కొత్తది కాదు. సంతలో ఒకడు వెళ్లి ఒక కొబ్బరికాయ అడిగితే ఒక ధర, పెళ్లివారు వెళ్లి రెండు వందల కాయలు అడిగితే మరొక ధర. లక్షలాది సభ్యుల తరఫున ఒక్క సంస్థ వెళ్లి బేరమాడినందువలన టెలిఫోను, అద్దె కారు, భీమా, ప్రయాణముల వంటి వాటిలో కొంత తగ్గింపు దొరుకుతుంది. 1991 నుంచి సభ్యులకు, వారి పిల్లలకు విద్యార్థి వేతనములు కూడా ఇస్తున్నారు. ఈ కార్యక్రమము ద్వారా ఇంటి అప్పు తీసుకున్న సభ్యుడు సమ్మెలో ఉన్నా, పని పోగొట్టుకున్నా వాయిదాలకు చేయూతనిచ్చే ఏర్పాటు ఒకటి ఉన్నది. మా దృష్టిలో తక్కిన తగ్గింపులన్నిటికంటె ఇది విలువైనది. సినిమా టిక్కెట్టు మీద రెండు డాలర్లు మిగలటము మంచిదే కాని, దాని కోసము ఎవరూ సంఘములో చేరనక్కరలేదు.

అసలు మేలు మరొకచోట ఉన్నది. దానిని తెలుసుకోవాలంటే ముందు మన తోటల సంగతి కొంత గుర్తు చేసుకోవాలి.

మన పూర్వులకు కూడా "సౌకర్యములు" ఉండేవి. కూలిలైనులో ఒక గది, బియ్యము పప్పు కొలిచి ఇచ్చే బత్తెము, ఎస్టేటు ఆసుపత్రి, అన్నీ దొర ఇచ్చేవే. ఫిజీలో మొదటి ఆరు నెలలు బత్తెము ఇచ్చి దాని ఖరీదు కూలిలో నుంచి కోసుకునేవారు. పందొమ్మిదవ శతాబ్దములో మారిషస్‌లో పనికి రాని ఒక్క రోజుకు రెండు రోజుల కూలి పోయేది. దానినే "డబుల్ కట్" అనేవారని మనలో చాలామంది ఎరుగుదురు. ఇచ్చేవాడు దొర, కొలిచేవాడు దొర, కోసేవాడు కూడా దొరే. అటువంటి సౌకర్యము ఎంత పెద్దదైనా అది మెడకు కట్టిన తాడే.

అమెరికాలో ఇదే పద్ధతి హవాయి చెరకు తోటలలో ఉండేది. గిర్మిట్ ఓడలు ఆ దీవులకు పోలేదు. అక్కడి కూలీలు చీనీయులు, జపానీయులు, పోర్చుగీసువారు, ఫిలిపీనోలు. 1900లో కాంట్రాక్టు కూలి పద్ధతి చట్టరీత్యా రద్దయినా, ఇల్లు, వంటచెరకు, నీరు, వైద్యము తోట యజమానులే కూలిలో భాగముగా ఇచ్చేవారు. 1920లో ఓహూ దీవిలో జపానీయులు, ఫిలిపీనోలు సమ్మె చేసినప్పుడు, ఇళ్లు తమవి కనుక యజమానులు వేలాది మందిని ఆలుబిడ్డలతో సహా వెళ్లగొట్టారు. ఆ సమయములోనే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వ్యాపించి ఉన్నది. ఆ సమ్మె ఓడిపోయింది.

ఇరవై ఆరేళ్ల తరువాత కథ మారింది. 1946 సెప్టెంబరు 1న ఐ.ఎల్.డబ్ల్యు.యు. అనే సంఘము క్రింద సుమారు 26,000 మంది చెరకు కార్మికులు, అన్ని జాతులవారు ఒక్కటై, 34 తోటలలో 33 తోటల పని ఆపివేశారు. ఇదివరకు జపానీయుల సమ్మె వేరు, ఫిలిపీనోల సమ్మె వేరుగా ఉండేవి. ఈసారి అందరికీ కలిపి వంటశాలలు పెట్టారు, చేపలు పట్టారు, కూరతోటలు వేశారు. 79 రోజులకు ఒప్పందము కుదిరింది. అందులో ముఖ్యమైన షరతు ఏమిటంటే, దొర ఇచ్చే ఇల్లు, వంటచెరకు, వైద్యము వగైరాలకు విలువ కట్టి దానిని నగదు కూలిలో కలపాలి. ఊరకే వచ్చే ఇంటికి అద్దె కట్టుకోవటము లాభమా అని ఎవరైనా అడగవచ్చు. అద్దె కట్టేవానికి రసీదు ఉంటుంది, ఆ రసీదుకు హక్కు ఉంటుంది. మళ్లీ సమ్మె వస్తే దొర "నా ఇల్లు ఖాళీ చెయ్యి" అని అనటము అంత సులభము కాదు. ఆ తరువాతి ఒప్పందములలో వైద్యము, పింఛను కూడా వ్రాతపూర్వకముగా చేరినవి. 1974లో హవాయి రాష్ట్రము వారానికి 20 గంటలకు తక్కువ కాకుండా పనిచేసేవారికి యజమాని ఆరోగ్య భీమా ఏర్పాటు చేయాలని చట్టము చేసింది. దేశములో ఇటువంటి చట్టము చేసిన మొదటి రాష్ట్రము అదే. హవాయిలో చివరి చక్కెర తోట 2016లో మవీ దీవిలో మూతపడింది. అయినా ఆ సంఘము హోటళ్లలోను, ఇతర పనులలోను నేటికీ ఉన్నది.

తక్కిన అమెరికాలో దారి చూపినవారిలో బొగ్గుగని కార్మికులు ఒకరు. 1946లోనే, ప్రభుత్వము గనులను తన స్వాధీనములోకి తీసుకొని ఉన్న సమయములో, గని కార్మికుల నాయకుడు జాన్ ఎల్. లూయిస్‌కు, ఆంతరంగిక శాఖ కార్యదర్శి జూలియస్ క్రుగ్‌కు ఒప్పందము జరిగింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గుకు 5 సెంట్లు కార్మికుల సంక్షేమ నిధికి చేరాలి. ఆ 5 సెంట్లతో మొదలైన నిధి అపలాచియన్ కొండలలో, వైద్యుడు దొరకటమే కష్టమైన చోట్ల, పది ఆసుపత్రులు కట్టి 1956లో ప్రారంభించింది. బొగ్గు గిరాకి తగ్గి రాబడి పడిపోయిన తరువాత 1960లలో వాటిని వదులుకోవలసి వచ్చింది. అంతేకాదు, నిధి సొమ్ము భారీ మొత్తములలో సంఘమునకే చెందిన బ్యాంకులో వడ్డీ లేని ఖాతాలలో పడి ఉన్నదని 1971లో కోర్టు తేల్చింది. సంఘము మంచిదే, నిధి మంచిదే. కాని లెక్క అడిగేవాడు లేకపోతే దేవాలయము హుండీకైనా ఇదే గతి. మన సభలలో వార్షిక లెక్కలు చదివేటప్పుడు బయటికి వెళ్లి టీ త్రాగే అలవాటు ఉన్నవారు ఈ సంగతి గమనించవలెనని మనవి.

ఈ నిధుల విషయములో రెండు చట్టములు తెలిసి ఉండాలి. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లే చట్టము ప్రకారము యజమానుల సొమ్ము సంఘమునకు నేరుగా పోరాదు, ట్రస్టు నిధిలో పడాలి. ఆ ట్రస్టులో కార్మికుల ప్రతినిధులు, యజమానుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలి. 1974 నాటి ఎరీసా చట్టము, ప్రైవేటు రంగములోని ఇటువంటి ఏర్పాట్లకు, ప్రతి సభ్యునికి పథకము వివరము పుస్తకరూపములో ఇవ్వాలని, కాదన్న క్లెయిముకు కారణము వ్రాసి ఇవ్వాలని విధించింది.

నిధి ఎలా నడుస్తుందో చూడాలంటే లాస్ వేగాస్ హోటల్ కార్మికుల క్యులినరీ యూనియన్ మంచి ఉదాహరణ. గదులు తుడిచేవారు, వంటవారు, వడ్డించేవారు దాని సభ్యులు. ఒప్పందము ప్రకారము యజమానులు కార్మికుడు పనిచేసిన ప్రతి గంటకు ఇంత అని ఆరోగ్య నిధికి చెల్లిస్తారు. ఆ నిధి 2017లో సొంత వైద్యశాలను తెరిచింది. సొంత మందులషాపు ఉన్నది. మొదటి ఇల్లు కొనేవారికి తొలి చెల్లింపులో సాయము చేసే నిధి వేరుగా ఉన్నది. ఇది దానము కాదు. ఆ గంటకు ఇంత అన్న సొమ్ము కార్మికుని జీతములో చేరవలసినదే, బేరములో కార్మికులే దానిని ఆరోగ్యమునకు మళ్లించుకున్నారు. నిర్మాణ పనుల సంఘములలో గంటకు ఇన్ని సెంట్లు పెరిగితే అందులో ఎంత చేతికి, ఎంత ఆరోగ్య నిధికి, ఎంత పింఛనుకు అని సభ్యులు ఓటు వేసుకోవటము కూడా కలదు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఒప్పందము ద్వారా వచ్చే ఆరోగ్య భీమా ఆ ఒప్పందము క్రిందకు వచ్చే పనివారందరికీ వర్తిస్తుంది, చందా కట్టనివారికి కూడా. తగ్గింపు ధరలు, విద్యార్థి వేతనములు మాత్రము సభ్యులకు, వారి కుటుంబములకే. అందుచేత "చందా కట్టకపోయినా భీమా వస్తున్నది కదా" అనేవారున్నారు. ప్రభుత్వ ఉద్యోగులను చందాకు నిర్బంధించరాదని 2018లో సుప్రీంకోర్టు జానస్ కేసులో తీర్పు చెప్పింది కూడా. 2024లో అమెరికా ఉద్యోగులలో సంఘ సభ్యులు నూటికి 9.9 మంది మాత్రమే. అందరూ బావిలో నీరు తోడుకొని ఎవరూ పూడిక తీయకపోతే ఎన్నాళ్లు సాగుతుందో రైతు బిడ్డలకు మేము చెప్పనక్కరలేదు.

ఇక మనస్సుకు సంబంధించిన సాయము. మా అభిప్రాయములో మనవారు అందరికంటె తక్కువగా వాడుకునేది ఇదే. చాలా సంఘములు సభ్యుల సహాయ కార్యక్రమము అని ఒకటి నడుపుతున్నవి. త్రాగుడు, నిద్రలేమి, దిగులు, ఇంటిలో కలహములు, అప్పుల బాధ, ఏదైనా సరే ఫోను చేసి మాట్లాడవచ్చు. అర్హుడైన సలహాదారుతో కొన్ని మార్లు ఉచితముగా మాట్లాడించి, అవసరమైతే వైద్యుని వద్దకు పంపుతారు. విమాన పరిచారికల సంఘము 1980లో ప్రారంభించిన కార్యక్రమములో ఆ పని చేసేవారే శిక్షణ పొంది తోటివారికి తోడుగా నిలుస్తారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పరాయి ఊరిలో ఒంటరిగా కూర్చున్న మనిషి బాధ అదే పని చేసినవానికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

మనవారు ఎందుకు అడగరు? యజమానికి తెలిస్తే పని పోతుందని భయము, ఊరిలో తెలిస్తే పిల్లల పెళ్లిళ్లు చెడిపోతాయని సిగ్గు. మొదటిదానికి జవాబున్నది. ఈ సంభాషణలు రహస్యముగా ఉంచవలసినవి. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములలో తప్ప బయటికి చెప్పరు. యజమాని పెట్టిన కార్యక్రమము వేరు, సంఘము నడిపేది వేరు. ఏది ఏదో ముందుగా అడిగి తెలుసుకోవచ్చు. రెండవదానికి మా వద్ద మందు లేదు. కాని ఒక్కటి చెప్పగలము. గిర్మిట్ కాలములో ఫిజీ లైనులలో ఆత్మహత్యలు మిక్కుటముగా జరిగినవని చరిత్రకారులు వ్రాశారు. అప్పుడు అడగటానికి ఎవరూ లేరు. ఇప్పుడు అమెరికాలో ఎవరైనా, సంఘ సభ్యుడు కాకపోయినా, ఏ వేళనైనా 988 అనే మూడంకెల నెంబరుకు ఫోను చేయవచ్చు. ఇది 2022 జూలై నుంచి దేశమంతటా పనిచేస్తున్నది.

చివరగా కొన్ని పనికివచ్చే మాటలు. పనిలో చేరిన వెంటనే షాప్ స్టీవార్డు ఎవరో కనుక్కోండి. ఆయన తోటలోని సర్దారు వంటివాడు కాడు, కార్మికుల తరఫున నిలిచే తోటి పనివాడు. పథకము పుస్తకము అడిగి తీసుకోండి. చాలా పథకములలో ఇన్ని గంటలు పని నిండితేగాని భీమా మొదలు కాదు. గంటలు తక్కువైన నెలలో అది ఆగవచ్చు కూడా. కనుక మీ గంటలను మీరే ఒక పుస్తకములో వ్రాసుకోండి. క్లెయిము కాదన్నారని ఊరుకోవద్దు. ఎరీసా క్రిందకు వచ్చే ఆరోగ్య పథకములలో అప్పీలుకు కనీసము 180 రోజుల గడువు ఉంటుంది. పెళ్లి అయినా, బిడ్డ పుట్టినా కొత్తవారి పేరు చేర్చటానికి గడువు తక్కువ, సాధారణముగా 30 రోజులు. అక్కడే మనవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. గిర్మిట్ కాగితములలో గుమాస్తాలు తమకు వినిపించినట్లు వ్రాసిన పేర్లు, తాతపేరే ఇంటిపేరైపోయిన పేర్లు మనవి. జనన పత్రములో ఒక విధముగా, పాస్‌పోర్టులో మరొక విధముగా ఉంటే భార్యాబిడ్డల పేర్లు చేర్చటములో ఆలస్యమవుతుంది. పెళ్లి పత్రము, జనన పత్రముల నకళ్లు, రెండు పేర్లూ ఒకరివేనని ధ్రువపరచే ప్రమాణ పత్రము ఒకటి ముందుగానే సిద్ధము చేసుకొని అమెరికాకు వెంట తీసుకుపోవటము మేలు. అక్కడికి చేరిన తరువాత సువా నుంచో పోర్ట్ లూయి నుంచో తెప్పించుకోవాలంటే ఆ 30 రోజులు చాలవు.