మా ఇంటి చాక్లెట్ బీర్

చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉంటుందనుకుంటున్నారా? డాలస్‌లో తొలిసారి ఇంట్లో స్టౌట్ కాచినప్పుడు నేనూ అలాగే అనుకున్నా. అది బాగా మాడేలా వేయించిన బార్లీ, అంతే. (అన్నట్టు, ఇక్కడ సొంతానికి బీర్ కాచుకోవచ్చు. 1978లో కార్టర్ సంతకంతో ఆ చట్టం వచ్చింది.)

రుచి చాలదని రెండు చాక్లెట్ బార్లు కరిగించి పోశా. అందులోని కొవ్వు నురగనంతా మింగేసింది. ‘చల్లారిన బోర్న్‌విటారా ఇది’ అన్నాడు రూమ్మేట్.

రెండోసారి కోకో గింజల పలుకులు వోడ్కాలో నానబెట్టి కలిపా. వాసన అదిరింది! కానీ పులియడం ఆగిందో లేదో హైడ్రోమీటర్‌తో చూడకుండానే సీసాల్లో నింపేశా. టెస్టింగ్ లేకుండా కోడ్ రిలీజ్ చేసినట్టు. వారం తర్వాత వాడు అల్మారా తీస్తుండగా ఒక సీసా ఢామ్మని పేలింది. గాజు పెంకు కనుబొమ్మని గీసుకుంటూ పోయింది.

ఇప్పుడు మూడు రోజులు రీడింగ్ కదలకపోతేనే మూత బిగిస్తున్నా. చక్కెర 19 లీటర్లకి 120 గ్రాములు, తూచి మరీ. అయినా ఆ అల్మారా నేనే తీయాలి. వాడు తీయడు.